గోడ మీద రెండు సలగణాలు

మా బస్టాపు ఎదురుగా ఒక ప్రహరీ గోడ ఉంది. పొడవు 40 అడుగులు, ఎత్తు ఆరడుగులు. దాని మీద ఒకటే వాక్యం: తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండి. మున్సిపాలిటీ రాయించిన మాట. తెలుగు ఊళ్ళలో ఈ మాట కనిపించని వీధి ఉండదు, అందుకే దాన్ని ఆగి చదివేవాళ్ళూ ఉండరు. నేనూ చాలా కాలం చదవలేదు.

చదవడం ఒక ఫిబ్రవరిలో మొదలైంది. ఆఫీసులో సంవత్సరాంతపు లెక్కలు. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలితే రాత్రి తొమ్మిదికి చేరడం. టేబుల్ మీది పుస్తకంలో పేజీ గుర్తు రెండు నెలలు ఒకే చోట ఉండిపోయింది. కచేరీ మాట అటుంచి, ఇంట్లో ఒక పాట మొదటి నుంచి చివరిదాకా విన్న రోజు లేదు. నాదంటూ మిగిలిన సమయం బస్టాపులో ఏడెనిమిది నిమిషాలు, బస్సు కిటికీ పక్కన మరో అరగంట. ఆ నిమిషాల్లో నా ఎదుట ఉన్నది ఈ గోడ ఒక్కటే. తీరిక లేని మనిషి కోసమే కొన్ని పనులు ఎంత లెక్కగా, ఎంత శ్రద్ధగా చేసి ఉంటాయో ఆ గోడే నాకు చూపించింది. ముందు రాత, తర్వాత ఛందస్సు, చివరికి సంగీతం. అదే వరుసలో చెబుతాను.

ఒక ఆదివారం కూడా ఆఫీసుకు బయల్దేరాను. గోడకు అప్పుడే సున్నం కొట్టి ఉంది. పాత రాత లీలగా కనబడుతోంది. పెయింటర్ రెండో పూత వేస్తున్నాడు. మొదటి పూతను సిమెంటు పీల్చేసుకుంటుంది, రెండోది పైన నిలుస్తుంది. బకెట్‌లో చిటికెడు నీలిమందు కలిపాడు. తెల్లబట్టలకు పెట్టే నీలే. ఆ కాస్త నీలం వల్ల సున్నంలోని పసుపుదనం చచ్చిపోయి, ఎండలో తెలుపు ఇంకా తెల్లగా కనబడుతుంది. అక్షరం ఒక్కటైనా పడకముందే చదువరి కంటి కోసం జరిగిన మొదటి ఏర్పాటు అది.

సున్నం ఆరాక దారం తీశాడు. రంగుపొడిలో దొర్లించిన నూలు దారం. ఒక కొసను మేకుకు కట్టి, రెండో కొసను గోడ చివర కుర్రాడి చేతికిచ్చి, బిగబట్టి, మధ్యలో రెండు వేళ్ళతో లాగి వదిలాడు. టప్పున గోడకు కొట్టుకుని, నలభై అడుగుల గీత ఒక్క దెబ్బకు పడింది. అలాంటి గీతలు నాలుగు కొట్టాడు. నేను రెండు చాలనుకున్నాను. ఇంగ్లీషు పెద్దక్షరాలకైతే రెండే చాలు, తలకొకటి, పాదానికొకటి. తెలుగుకు చాలవు. మన అక్షరం మూడంతస్తుల ఇల్లు. నడిమి అంతస్తులో అక్షరపు ఒళ్ళు ఉంటుంది. పై అంతస్తులో తలకట్టు, గుడి, ఎత్వం, ఒత్వం ఉంటాయి. కింది అంతస్తు వత్తులది. మూడంతస్తులు విడదీయడానికి నాలుగు గీతలు. ఆయన నడిమి అంతస్తుకు అడుగున్నర ఇచ్చి, పైకీ కిందికీ తలా ముప్పావు అడుగు వదిలాడు.

తర్వాత కుంచె పట్టుకుంటాడనుకుంటే, గోడకు ఎదురుగా రోడ్డు దాటి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి.

“ఏం లెక్కపెడుతున్నవన్నా?” అన్నాను.

“వత్తులు యాడ పడ్తయో సూస్కుంటున్న సార్. మీద ఎన్నున్నా సర్దొచ్చు. కింద వత్తు తప్పినచోట పడ్డదంటే లైనంత గుంజినట్టు కొడ్తది.”

నేనూ లెక్కపెట్టాను. ఈ వాక్యంలో సున్నతో కలిపి గోడ మీద పడేవి 14 గుర్తులు. సున్నకు తల మీద ఏమీ ఉండదు, మిగిలిన 13 అక్షరాలకూ ఏదో ఒకటి ఉంది. ఐదింటికి తలకట్టు, మూడింటికి గుడి, నాలుగింటికి ఎత్వమో ఏత్వమో, ఒకదానికి ఒత్వం. పై అంతస్తు అంచు నుంచి అంచుదాకా నిండిపోయింది. కింది అంతస్తులో మాత్రం రెండే రెండు వత్తులు, రెండు ‘చెత్త’లకూ తలా ఒకటి. అవి పడేది సరిగ్గా నాలుగో గుర్తు కింద, ఎనిమిదో గుర్తు కింద. అంటే ఎడమవైపు సగంలో కింద రెండు బరువులు వేలాడుతుంటే, కుడివైపు సగంలో కింద ఏమీ లేదు. అలాగే వదిలేస్తే పంక్తి ఎడమకు ఒరిగినట్టు కనబడుతుంది.

దీనికి ఆయన చేసిన చికిత్స చూసి నేను బస్సు వదిలేశాను. కుడివైపున ‘రు’ కొమ్మును మామూలుగా కన్నా బాగా సాగదీసి, కొసను పాదపు గీత కిందికి కాస్త దించాడు. ‘చేయండి’లో ‘డి’ కడుపును కూడా ఓ అంగుళం కిందికి జారనిచ్చాడు. ఏ వ్యాకరణ పుస్తకంలోనూ లేని వెసులుబాటు ఇది. కానీ రోడ్డు ఇవతల నుంచి చూస్తే పంక్తి తక్కెడలా సరిగ్గా నిలబడింది.

వెడల్పుల లెక్క మరొకటి. తెలుగు అక్షరాలన్నీ ఒకే జాగా అడగవు. ‘ర’ సన్నగా ఒదిగిపోతుంది. ‘య’ కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఒత్తుగా రాస్తే మాటలు కలిసిపోతాయి, వదులుగా రాస్తే గోడ చివర మాట ఇరుక్కుపోతుంది. ‘చేయం’ ఇక్కడా ‘డి’ కింద పంక్తిలోనూ పడిన గోడలు మనం చూశాం కదా. ఆయన టేపు వాడలేదు. సుద్దముక్కతో అక్షరాల అస్థిపంజరం మాత్రం గీసుకుంటూ వెళ్ళాడు. సగం గోడ దగ్గర ‘పొడి చెత్త’ ముగిసి, ‘వేరు’ ముందు మిగతా మాటల మధ్య వదిలినదానికన్నా రెట్టింపు ఖాళీ వదిలాడు. గోడ మీద కామా చిన్నది, దూరానికి కనబడదు. కామా చేయాల్సిన పని ఆ ఖాళీ చేస్తుంది.

ఇక కుంచె. రెండంగుళాల వెడల్పున్న బల్లపరుపు కుంచె. తెలుగు అక్షరాల్లో గీతల కన్నా గుండ్రాలు ఎక్కువ. గుండ్రాన్ని ఒక్క చుట్టులో వేయడానికి ప్రయత్నిస్తే కుంచె కింది నుంచి పైకి ఎక్కేటప్పుడు రంగు కారుతుంది, మందం చెడుతుంది. అందుకని ఆయన ప్రతి గుండ్రాన్నీ రెండు ముక్కలుగా వేశాడు. ఎడమ సగం పై నుంచి కిందికి, కుడి సగం మళ్ళీ పై నుంచి కిందికి. రెండు సగాలు అడుగున కలిసే చోట మొదటి సగం తడి ఆరకముందే రెండోది దాని మీదికి వచ్చేయాలి. ఆరితే అతుకు కనబడుతుంది. మణికట్టు లోపలికి తిరుగుతూ ఉండడం వల్ల కుంచె అంచు ఎప్పుడూ గీతకు అడ్డంగానే ఉండి, మందం పెరగదు, తరగదు. గరుకు గోడ గుంటల్లోకి రంగు దిగడానికి అక్కడక్కడ కుంచెను పొడిచేవాడు. తలకట్లన్నీ చివరికి ఉంచుకున్నాడు. మొత్తం పంక్తి అయ్యాక, నిచ్చెన జరుపుకుంటూ, ఐదింటినీ ఒకే వాలులో, ఒక్కొక్కటి ఒక్క విసురుతో వేశాడు. వరసగా వేస్తేనే చేతికి ఆ వాలు గుర్తుంటుందట.

‘తడి చెత్త’ ఆకుపచ్చ, ‘పొడి చెత్త’ నీలం, మిగిలినది నలుపు. రంగుల ఎంపిక అందం కోసం కాదు. హైదరాబాదులో ఇంటింటికీ పంచిన రెండు డబ్బాల రంగులు అవే, తడికి ఆకుపచ్చది, పొడికి నీలిది. చదువురాని వాళ్ళకు కూడా ఆ గోడ సగం మాట చెప్పేస్తుంది. చదువు వచ్చినవాళ్ళకు అక్షరం కన్నా ముందు రంగు చేరుతుంది. ముందు చేరడం ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. బస్సు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే సెకనుకు ఎనిమిది మీటర్లకు పైన. నలభై అడుగుల గోడ పన్నెండు మీటర్లు. కిటికీ ముందు నుంచి అది సెకనున్నరలో వెళ్ళిపోతుంది. సెకనున్నరలో 14 గుర్తులు కూడబలుక్కోవడం ఎవరి వల్లా కాదు. మాట మొత్తం ఆకారం కూడా కంటికి సాయం చేయాలి. పైన గుళ్ళు ఎక్కడున్నాయి, కింద వత్తు ఎక్కడ వేలాడుతోంది, మధ్యలో ఖాళీ ఎంత అన్న నీడ కూడా కంటికి ఆసరా. పెయింటర్ వత్తుల కోసం రోడ్డు దాటి వచ్చింది అందుకే.

ఖైరతాబాదు దగ్గర మక్తాలో 2016లో గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. నాకు అవి చాలా ఇష్టం. చిన్న కాగితం మీది బొమ్మను గళ్ళు గీసి, గడికి గడిగా గోడకెక్కించే పద్ధతిలో ఎంత నేర్పు ఉందో తెలుసు. అయితే అక్కడికి మనం వెళ్ళి, నిలబడి చూస్తాం. ఈ పెయింటర్‌కు నిలబడే మనిషి దొరకడు. పరుగెత్తే మనిషికి సెకనున్నరలో అందేలా రాయాలి. రెండూ గొప్ప పనులే. రెండోదాన్ని మెచ్చుకునేవాళ్ళు తక్కువ కాబట్టి నేను దాని గురించే రాస్తున్నాను.

రాత అయ్యాక కొన్నాళ్ళకు, సీటు దొరకక కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఒక సాయంత్రం, ఈ మాటకు ఒక నడక ఉందని చెవికి తగిలింది. తడిచెత్త, పొడిచెత్త. తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు వేళ్ళ మీద చెప్పించిన గురులఘువులు గుర్తొచ్చాయి. హ్రస్వాక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘమైనా, సున్న ఉన్నా, తర్వాత జంట అక్షరం వచ్చినా అది గురువు, రెండు మాత్రలు. ‘త’ లఘువు, ‘డి’ లఘువు, ‘చె’ తర్వాత ‘త్త’ ఉంది కనుక ‘చె’ గురువు, చివరి ‘త్త’ లఘువు. లఘువు, లఘువు, గురువు, లఘువు. ఛందస్సులో దీని పేరు సలము. ‘పొడిచెత్త’ వేసి చూశాను. లఘువు, లఘువు, గురువు, లఘువు. అదీ సలమే. పైగా రెండు మాటలకూ రెండో అక్షరం ‘డి’. ప్రాస కూడా కుదిరింది.

ఆ తర్వాత ‘వేరు’. గురువు, లఘువు, మూడే మాత్రలు. ‘చేయండి’కి మళ్ళీ ఐదు. ఐదు, ఐదు, మూడు, ఐదు. రెండు సమానమైన అడుగులు వేసి, ‘వేరు’ అన్న మాట దగ్గరికి రాగానే నడక విరుగుతుంది. వేరు అనే మాటే వేరు నడకలో పడింది. ఈ నినాదం మొదట అల్లిన వాళ్ళు గణాలు లెక్కపెట్టారని నేననుకోను. తెలుగు చెవి వాళ్ళ తరఫున లెక్కపెట్టింది.

సలగణం ఇంద్రగణాల్లో ఒకటి. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. వీటిలో నల, భ గణాలకు నాలుగేసి మాత్రలు, మిగిలిన నాలుగింటికీ ఐదేసి. సూర్యగణాలు రెండే: మూడు లఘువుల నగణం, గురులఘువుల హగణం. రెండింటికీ మూడేసి మాత్రలు. ఈ ఎనిమిది గణాలతోనే ఆటవెలది పద్యం నడుస్తుంది. బేసి పాదాల్లో, అంటే ఒకటిలో, మూడులో, మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. బేసి పాదం ముందు మూడు పొట్టి అడుగులు వేసి, చివర రెండు బారలు చాస్తుంది. సరి పాదం ఐదు పొట్టి అడుగుల్లో ఇల్లు చేరుతుంది. చాచడం, ముడుచుకోవడం. ఒక మాట అడిగి, దానికి జవాబు చెప్పినట్టు ఉంటుంది.

అయితే మా గోడ మీది రెండు సలగణాలు ఆటవెలది బేసి పాదం చివర కొలిచి కుట్టినట్టు సరిపోవాలి. ముందు మూడు సూర్యగణాలు వెతికితే చాలు. రెండు స్టాపులు దాటేలోపు దొరికాయి. దాని కింద ఒక సరి పాదం కూడా అల్లాను:

దారి గోడ మీద తడిచెత్త పొడిచెత్త
బస్సు కదిలి పోవు, పదము నిలుచు

కవిత్వమని కాదు, యంత్రం మూత తీసి చూపించడానికి రాసుకున్నాను. దారి, గోడ, మీద అన్నవి మూడూ హగణాలు. ఆపైన రెండు సలాలు. రెండో పాదంలో బస్సు, కదిలి, పోవు, పదము, నిలుచు, ఐదూ సూర్యగణాలు. మొదటి పాదం 19 మాత్రలు, రెండోది 15. ఇప్పుడు నాలుగో గణం మొదటి అక్షరం చూడండి. పాదం ‘దా’తో మొదలైంది, నాలుగో గణం ‘త’తో మొదలైంది. రెండో పాదం ‘బ’తో మొదలైతే, నాలుగో గణం ‘ప’తో మొదలైంది. ఇది యతి. త, థ, ద, ధ ఒక కుటుంబం. ప, ఫ, బ, భ ఒక కుటుంబం. పాదం మొదటి అక్షరానికి చుట్టం నాలుగో గణం గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంటాడు.

చిన్నప్పుడు యతిని నియమంగా బట్టీపట్టాను. బస్సులో నిలబడ్డాక గానీ దాని పని తెలియలేదు. వినేవాడి ధ్యాస పాదం మధ్యలో జారిపోతుంది. పక్కవాడు భుజం తగిలిస్తాడు, కండక్టర్ చిల్లర అడుగుతాడు. సరిగ్గా ఆ జారే చోట, పాదం మొదట విన్న శబ్దం మళ్ళీ వినబడుతుంది. తెగిన దారపు కొసను వెతికి చేతికిచ్చినట్టు. పద్యం మరిచిపోయినవాడికి కూడా అదే ఆధారం. నాలుగో గణం ‘త’తోనో ‘ద’తోనో మొదలవ్వాలని తెలిసినవాడికి, జారిపోయిన మాట వెతకాల్సిన చోటు చాలా చిన్నదైపోతుంది. వెతికితే దొరుకుతుంది.

వేమన ఆటవెలదుల పనితనం నాకు ఇక్కడే పట్టుబడింది. అందరికీ నోటికొచ్చిన ‘విశ్వదాభిరామ వినురవేమ’ అన్న మకుటం నాలుగో పాదమంతా ఆక్రమిస్తుంది. అంటే కవికి మిగిలింది మూడు పాదాలు, లెక్కేస్తే 49 నుంచి 53 మాత్రలు. ఒక జీవితకాలపు అనుభవాన్ని ఆ కాస్త జాగాలో చెప్పాలి. ఇక మకుటాన్ని గణవిభజన చేసి చూడండి. మొదటి మూడూ హగణాలు, నాలుగోది నగణం, ఐదోది మళ్ళీ హగణం. మొత్తం పాదంలో ఒకే ఒక్క చోట గురువు లేకుండా మూడు లఘువులు గబగబా దొర్లుతాయి. ఆ చోటు యతిస్థానం. అక్కడున్న మాట వినమని పిలిచే మాట. నడక మారడం, మొదటి శబ్దం తిరిగి రావడం, వినమని పిలవడం, మూడూ ఒకే అక్షరం మీద కలిశాయి. ఊళ్ళు తిరుగుతూ, పనుల్లో ఉన్నవాళ్ళకు పద్యం చెప్పే మనిషికి ఇంతకన్నా సరైన గంట దొరకదు. సి.పి. బ్రౌన్ 1829లో 693 వేమన పద్యాలు అచ్చువేయించాడు. 1839 నాటి ముద్రణకు అవి 1164 అయ్యాయి. వ్రాతప్రతులు కాపాడినవి ఎన్నో, జనం నోళ్ళు కాపాడినవి ఎన్నో ఎవరు లెక్క తేల్చగలరు? నోరు కాపాడాలంటే మాత్రం యతి ఉండాల్సిందే.

పద్యాన్ని నలుగురు తిరిగే చోట గోడకెక్కించడం మనవాళ్ళకు కొత్త కాదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద, పదో శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడాయన. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఆ బండ మీద ఉన్నాయి. తెలుగు భాగం కందపద్యాలు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి వంద సంవత్సరాల ముందే కందం రాతి మీద నిలబడి ఉందన్నమాట. కందానికి యతితో పాటు ప్రాస కూడా తప్పనిసరి. రాతిని చెక్కేవాడికి సుద్దముక్క గీతను చెరిపేసినట్టు చెరిపే వీల్లేదు. గణం తప్పినా ఉలి తప్పినా అలాగే ఉండిపోతుంది. మా పెయింటర్ వత్తులు లెక్కపెట్టుకున్నట్టే ఆ శిల్పి కూడా బండ ముందు నిలబడి పెదవులు కదిపి ఉంటాడని నా ఊహ.

సలగణాన్ని నోటితో అంటూ తొడ మీద తట్టుకుంటే మరో సంగతి బయటపడుతుంది. తడి, చెత్త. రెండు మాత్రలు, మూడు మాత్రలు. తక, తకిట. సంగీతంలో దీని పేరు ఖండం, ఐదు మాత్రల నడక. ఖండచాపు తాళం వేసే చెయ్యి సరిగ్గా ఇలాగే రెండూ మూడుగా పడుతుంది. మా గోడ మీది రెండు మాటలూ ఆ తాళానికి తయారుగా కూర్చున్నాయి. ఐదు మాత్రల నడకలో ఒక తూగు ఉంటుంది. నాలుగులా చదునుగా సాగదు, మూడులా గంతులేయదు. కాస్త ఆగి కాస్త సాగుతుంది. కిక్కిరిసిన బస్సు బ్రేకులు వేస్తూ పోయే తీరు కూడా అదే.

ఆ నెలల్లో సంగీతం నాకు ముక్కలుగానే చేరింది. మా ఇంట్లో పూర్వం విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో పొద్దు మొదలయ్యేది. అమ్మ చేతులు బియ్యం కడుగుతుండేవి, చెవి రేడియో దగ్గర ఉండేది. ఒక్క కీర్తన కూడా ఆమె కూర్చుని విన్నట్టు నాకు గుర్తులేదు. అయినా ఏ కీర్తనలో ఏ మలుపు ఎక్కడొస్తుందో ఆమెకు తెలుసు. ఎలా తెలిసిందో నాకు ఆ మార్చిలో అర్థమైంది.

త్యాగరాజు కృతి ‘చక్కని రాజమార్గము’ తీసుకోండి. రాగం ఖరహరప్రియ, ఆదితాళం. మంచి రాజబాటలు ఉండగా సందుల్లో దూరడం ఎందుకని మనసును అడిగే కృతి. రోజూ సందుల్లోంచే బస్టాపు చేరే నాకు అది మరీ దగ్గరగా అనిపించింది. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఒక్కో అక్షరంలో నాలుగు చొప్పున మొత్తం 32 సూక్ష్మమైన గళ్ళు. గోడకు కొట్టిన దారపు గీతల్లాగే ఇవి పాటకు గీతలు. పల్లవి ఆ గళ్ళలో కూర్చుంటుంది.

పాడేవాళ్ళు పల్లవిని ఒకసారి పాడి వదలరు. మళ్ళీ పాడతారు. రెండోసారి మాటలు అవే, తాళం అదే, కొసన మాత్రం ఒక చిన్న వంపు మారుతుంది. మూడోసారి ఆ వంపు ఇంకొంచెం ముందు నుంచే మొదలవుతుంది. నాలుగోసారి పై షడ్జం వైపు ఒక అడుగు వేసి వెనక్కి వస్తుంది. మాటల్లో ఒక్క అక్షరం కదలకుండా, 32 గళ్ళలో ఒక్క గడి జరగకుండా, రాగం మాత్రం మెట్టు మెట్టుగా విప్పుకుంటుంది. ఒక్కో మార్పు పేరు సంగతి. ఎన్ని సంగతులన్నది బాణీని బట్టి మారుతుంది. వాటి వరుస మాత్రం మారదు. సులువైనది ముందు, చిక్కనిది తర్వాత. వినేవాడిని చెయ్యి పట్టుకుని నడిపించే వరుస అది.

ఇంత విస్తరించడానికి రాగంలోనే వసతి ఉంది. ఖరహరప్రియ 22వ మేళకర్త. దాని స్వరాల మధ్య దూరాలు అరస్వరాల్లో కొలిస్తే వరసగా 2, 1, 2, 2, 2, 1, 2. కుడి నుంచి ఎడమకు చదవండి, మళ్ళీ అవే అంకెలు. పైగా షడ్జం నుంచి మధ్యమం దాకా ఉన్న మెట్లే పంచమం నుంచి పై షడ్జం దాకా ఉన్నాయి. కింది సగంలో వేసిన పోకడను యథాతథంగా పై సగంలో వేసుకోవచ్చు. ఎక్కే దారి, దిగే దారి ఒకదానికొకటి అద్దంలా ఉంటాయి. రాజమార్గం గురించిన మాటకు ఇంత సాఫీ అయిన రాగం పడింది. అనుపల్లవికి వచ్చేసరికి దారి పోయి చిక్కని పాలూ మీగడా వస్తాయి. పోలిక మారింది, కానీ రెండో అక్షరం మారలేదు. పల్లవిలోనూ అనుపల్లవిలోనూ అదే ‘క్క’. తడికీ పొడికీ ఉన్న ప్రాసే.

సంగతుల వల్ల ఇంకో మేలుంది, అమ్మ విషయంలో నాకు దొరికిన జవాబు అదే. మొదటిసారి పల్లవి పాడేటప్పుడు ఆమె పొయ్యి దగ్గర ఉండి ఉండవచ్చు. రెండోసారి పాలు పొంగి ఉండవచ్చు. మూడోసారి చెవి అందుకుంటుంది. అందుకున్న చోట మాట కొత్తది కాదు, మార్పు మాత్రమే కొత్తది. కనుక ఆమె చెవికి తగిలేది సరిగ్గా ఆ మార్పే. కూర్చుని విన్నవాడికి సంగతులు రాగాన్ని విప్పి చూపిస్తాయి. పనిలో ఉన్నవాడికి పోయిన అవకాశాన్ని తిరిగి ఇస్తాయి. నెలల తరబడి రోజూ అదే గోడ ముందు నిలబడ్డ నాకు జరిగిందీ అంతే. వాక్యం ఒకటే. ఒకరోజు వత్తు కనబడింది, ఒకరోజు ఖాళీ కనబడింది, ఒకరోజు సలగణం వినబడింది.

తీరిక దొరికాక చదువుదాం, తీరిక దొరికాక విందాం అని వాయిదా వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ మూడు పనుల్నీ చేసినవాళ్ళు మన తీరిక కోసం ఎదురుచూడలేదు. మనకు తీరిక ఉండదన్న సంగతిని మొదటి కొలతగా తీసుకుని గీత కొట్టారు. ఆ కొలత వల్ల పని పలచబడలేదు, మరింత బిగువైంది. నాకు ఈ విషయంలో సందేహం లేదు.

ఫ్లెక్సీలు వచ్చాక గోడ రాసే చేతులు తగ్గిపోయాయి. అయినా ఎన్నికలకు, పల్స్ పోలియోకు, చెత్త డబ్బాలకు ఇప్పటికీ గోడ రాస్తూనే ఉన్నారు. మీ దారిలో ఎక్కడైనా రంగుపొడి అద్దిన దారంతో గోడకు గీత కొడుతున్న మనిషి కనబడితే, ఒక్క బస్సు వదిలేయండి. ఆయన వత్తు ఎక్కడ పెడుతున్నాడో, తలకట్టు ఎప్పుడు వేస్తున్నాడో చూడండి. పది నిమిషాల్లో ఇంకో బస్సు వస్తుంది.